సిమెంటు లోడ్లకు టన్నుకు ఇంత చొప్పున వేరుగా ఇవ్వమంటున్నారు: ఇవ్వాలా, మానుకోవాలా?

నందిగామ_ఓనరు రాసినది:

అందరికీ నమస్కారం. మాకు పద్నాలుగు టైర్ల లారీలు మూడు ఉన్నాయి, రెండింటి మీద ఇంకా ఫైనాన్సు కిస్తీలు నడుస్తున్నాయి. ఇంతకాలం విజయవాడ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ద్వారా దొరికిన లోడు వేసుకుంటూ, రిటర్న్ లోడు కోసం ఒక్కోసారి హైదరాబాదులోనో చెన్నై శివార్లలోనో హాల్టింగ్ పడుతూ నెట్టుకొస్తున్నాం. ఈ మధ్య జగ్గయ్యపేట వైపున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ సరుకు తోలే కాంట్రాక్టరు కింద మా బండ్లు పెట్టే అవకాశం వచ్చింది. కిరాయి, కాంట్రాక్టరు కమీషను ముందే మాట్లాడుకున్నాం, అందులో పేచీ ఏమీ లేదు.

అయితే మాటలన్నీ పూర్తయిన తరువాత కాంట్రాక్టరు గుమాస్తా మా నాన్నగారిని పక్కకు పిలిచి, ఫ్యాక్టరీ డిస్పాచ్‌లో ఇండెంట్లు (ఏ బండికి ఏ లోడు అన్న ఆర్డర్లు) చూసే ఆయనకు టన్నుకు ఇరవై రూపాయల చొప్పున వేరుగా, నగదుగా ముట్టజెప్పాలని, ముట్టజెబితే దూరం లోడ్లు పడతాయని, లేకపోతే దగ్గర ఊళ్ళ లోడ్లతోనే సరిపెట్టుకోవలసి ఉంటుందని చెప్పాడు. బిల్లు పాసయ్యేటప్పుడు అకౌంట్స్‌లో మరొకరిని కూడా ‘చూసుకోవాలట’. దీన్ని అతను కొత్తగా చేరే బండికి టార్పాలిన్ కొనుక్కోమని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఇవ్వడం మాకూ నేరమవుతుందా, ఇచ్చినవాళ్ళు దాన్ని లెక్కల్లో ఎలా చూపిస్తారు, ఇవ్వకుండా పని దొరికే దారి ఏదైనా ఉందా అన్నవి నా సందేహాలు. ఫ్యాక్టరీ పేరు, కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయను. దయచేసి ఎవరూ ఊహించి కూడా రాయవద్దు.

పాత_గుమాస్తా సమాధానం:

నేను హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సిమెంటు డిస్పాచ్‌లో చాలాకాలం పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి కాబట్టి, ఈ డబ్బు ఎక్కడ పుడుతుందో ముందు చెబుతాను. ఒకప్పుడు లంచమంతా రేటు దగ్గర ఉండేది. ఏ కాంట్రాక్టరుకు ఏ రేటు ఇవ్వాలో నిర్ణయించే మేనేజరు చుట్టూ అందరూ తిరిగేవారు. పెద్ద కంపెనీలు రవాణా కాంట్రాక్టులకు కంప్యూటరు మీద రివర్స్ వేలం (తక్కువ రేటు అడిగినవాడికి పని దక్కేది) పెట్టడం మొదలుపెట్టాక, రేటును మార్చే అధికారం కింది మనిషి చేతిలో లేకుండా పోయింది. కానీ ఆ రేటుకు ఏ బండి ముందు లోపలికి వెళ్ళాలి, దేనికి ఏ ఊరి డెలివరీ ఆర్డరు పడాలి అన్నది ఇప్పటికీ మనిషే చూస్తున్న చోట్లు చాలా ఉన్నాయి. అంటే రేటు ఆన్‌లైనుకు వెళ్ళింది, లంచం సీరియలుకు, అంటే బండ్ల వరుసకు, వచ్చింది.

దగ్గర లోడు అంటే అందరికీ ఎందుకంత భయమో బయటివాళ్ళకు అర్థం కాదు. నలభై కిలోమీటర్ల లోడుకైనా నాలుగు వందల కిలోమీటర్ల లోడుకైనా పార్కింగ్ యార్డులో పడిగాపులు ఒకటే, కాటా ఒకటే, అన్‌లోడింగ్ దగ్గర హమాలీల కోసం ఎదురుచూపు ఒకటే. కిరాయి మాత్రం దూరాన్ని బట్టి వస్తుంది కాబట్టి, వరుసగా దగ్గర లోడ్లు పడ్డ బండి నెలాఖరుకు కిస్తీ కట్టలేదు. ఆ సంగతి ఇండెంటు చూసే మనిషికి మీకన్నా బాగా తెలుసు.

ఇవ్వని బండిని పక్కనపెట్టడం కూడా ఎవరూ తప్పుపట్టలేని పద్ధతిలోనే జరుగుతుంది. టార్పాలిన్‌కు రంధ్రం ఉందనో, బాడీ అడుగున తడి ఉందనో, పిలిచినప్పుడు డ్రైవరు పలకలేదనో రాస్తారు. చిరిగిన టార్పాలిన్ కింద వానకు బస్తాలు గడ్డకడతాయి గనుక ఆ తనిఖీ నిజంగా అవసరమైనదే, అందుకే దాన్ని సరిగ్గా ఉన్న బండి మీద వాడినా ఎవరూ గట్టిగా అడగలేరు. డ్రైవరు టైరు పక్కన స్టవ్వు మీద అన్నం వండుకుంటుండగా, అతని వెనక టోకెను తీసుకున్న బండి కాటా ఎక్కి వెళ్ళిపోతుంది.

ఇక్కడ మీకు పనికివచ్చే విషయం ఒకటుంది. కాటా చీటీ మీద ఖాళీ బండి తూకానికీ లోడు బండి తూకానికీ విడివిడిగా సమయం అచ్చవుతుంది, గేటు దగ్గర లోపలికి వచ్చిన సమయం కూడా నమోదవుతుంది. మీ బండ్ల చీటీలన్నీ దాచి, అదే రోజు అదే కాంట్రాక్టరు కింద నడిచిన ఇతర ఓనర్ల చీటీలతో పోల్చి చూస్తే, టోకెను తీసుకున్న వేళకూ కాటా ఎక్కిన వేళకూ మధ్య తేడా ఎవరి బండ్ల మీద పడుతోందో కాగితం మీదే కనిపిస్తుంది. కంపెనీ పైఅధికారి దగ్గర ‘మమ్మల్ని డబ్బులడిగారు’ అంటే సాక్ష్యమేదని అడుగుతారు, ఈ చీటీలు ముందు పెడితే వాటికి జవాబు చెప్పవలసింది వాళ్ళ మనిషే అవుతాడు.

ఇంకొక మాట. గుమాస్తా చెప్పిన ఇరవై రూపాయలూ ఆ డిస్పాచ్ ఆయనకే చేరుతున్నాయని మీరు నమ్మనవసరం లేదు. కొత్తగా వచ్చిన ఓనర్ల దగ్గర ఫ్యాక్టరీ మనిషి పేరు చెప్పి వసూలు చేసి, సగం కాంట్రాక్టరు ఆఫీసులోనే మిగుల్చుకోవడం నేను చూశాను. ఆ పెద్దమనిషికి తన పేరు మీద వసూలవుతున్నదెంతో తెలియని సందర్భాలూ ఉన్నాయి.

ఆడిటు_బల్ల సమాధానం:

చట్టం సంగతి నేను చెబుతాను. నేను లారీ ఓనర్ల రిటర్నులు దాఖలు చేస్తుంటాను.

మొదట చూడవలసింది తీసుకునే మనిషి ఎవరన్నది. ఆయన ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి అయితే, ఉదాహరణకు ఎఫ్‌సీఐ గోదాములోనో, పౌరసరఫరాల సంస్థలోనో, జెన్‌కో థర్మల్ స్టేషన్‌లోనో పనిచేస్తుంటే, ఆయన 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తాడు. ఆ చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత, ఇచ్చినవాడికి కూడా 8వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవాడికి మినహాయింపు ఉంది గానీ, ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేయాలన్న షరతు దానికి ఉంది. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ళు పట్టుకోవడానికి వీలుగా ఇచ్చిన డబ్బు నేరం కిందికి రాదు. రాష్ట్ర సంస్థలైతే ఏసీబీ 1064 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఎఫ్‌సీఐ వంటి కేంద్ర సంస్థలైతే సీబీఐ గానీ, ఆ సంస్థలోని విజిలెన్స్ అధికారి గానీ చూస్తారు.

మీరు చెప్పిన ఫ్యాక్టరీ ప్రైవేటుదైతే పరిస్థితి వేరు. ఒక ప్రైవేటు ఉద్యోగి మరొక ప్రైవేటు వ్యాపారి దగ్గర తీసుకున్న లంచానికి మన అవినీతి నిరోధక చట్టం నేరుగా వర్తించదు. బ్రిటన్‌లో 2010 నాటి లంచాల చట్టం ప్రైవేటు వ్యాపారంలో ఇచ్చిపుచ్చుకునే లంచాన్ని కూడా నేరంగానే చూస్తుంది, మన దగ్గర ఆ ఖాళీ అలాగే ఉంది. అంతమాత్రాన అది చట్టబద్ధమైపోదు. కంపెనీ తన ఉద్యోగి మీద నమ్మకద్రోహం, మోసం కింద ఫిర్యాదు చేయవచ్చు, ఆ మోసంలో చెయ్యి కలిపినవాడిగా మీ పేరు కూడా అందులో చేరవచ్చు. ఫ్యాక్టరీ స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీదైతే, 2013 కంపెనీల చట్టం ప్రకారం లోపలి అక్రమాల మీద ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు దానికి తప్పనిసరి. పెద్ద కంపెనీలు చాలావరకు సరుకు సరఫరాదారులకూ రవాణాదారులకూ కూడా ఆ దారి తెరిచే ఉంచుతాయి. ఆ విధానం కాగితం కంపెనీ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, చదివి చూడండి.

లెక్కల్లో ఎలా చూపిస్తారన్నారు. సూటిగా చెప్పాలంటే, చూపించలేరు. పది లారీలు మించని ఓనర్లలో చాలామంది, పాత ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈ సెక్షన్‌గా అందరికీ తెలిసిన అంచనా పద్ధతిలోనే పన్ను కడతారు. దాని ప్రకారం పన్నెండు టన్నులు దాటిన బండికి మొత్తం తూకంలో (బండి, సరుకు కలిపి) టన్నుకు నెలకు 1,000 రూపాయలు ఆదాయంగా లెక్కిస్తారు. మీ పద్నాలుగు టైర్ల బండి మొత్తం తూకం 42 టన్నులనుకుంటే ఒక్కో బండికి ఏడాదికి 5,04,000 రూపాయల ఆదాయం అయినట్టే. డీజిలు, టోలు, టైర్లు అన్నీ అందులోనే పోయినట్టు లెక్క, విడిగా తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. అంటే ఆ ఇరవై రూపాయలు మీ జేబులోంచి పోవడమే కాక, పోయిన ఆ డబ్బు మీద కూడా మీరు పన్ను కడుతున్నట్టే. పూర్తి ఖాతాలు రాసేవాళ్ళు దాన్ని ‘లోడింగ్ ఖర్చులు’ అని వోచరు రాసి చూపిస్తుంటారు. నేరం కోసం పెట్టిన ఖర్చును చట్టం ఒప్పుకోదు, దొంగ వోచరు బయటపడితే ఆ తలనొప్పి వేరు.

తాడిపత్రి_లోడు సమాధానం:

పైన ఇద్దరూ చెప్పినవి నిజమే గానీ, ఫిర్యాదు చేసిన తరువాత మీ బండి ఆ గేటు దగ్గరికి వెళ్ళి ఎలా నిలబడుతుందన్నది ఎవరూ చెప్పలేదు. కంపెనీ ఆ మనిషిని బదిలీ చేస్తుంది, కొత్తవాడు వచ్చేసరికి మీ బండి నంబరు అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. నిరుత్సాహపరచాలని కాదు, ఒంటరిగా మూడు బండ్ల ఓనరు చేసే ఫిర్యాదుకూ, అదే కాంట్రాక్టరు కింద నడిచే ఇరవై ముప్పై బండ్ల ఓనర్లు సంతకాలు పెట్టి ఇచ్చే కాగితానికీ చాలా తేడా ఉంటుందని చెబుతున్నాను.

ముందు లెక్క వేసుకోండి. టన్నుకు ఇరవై అంటే ముప్పై టన్నుల లోడుకు ఆరు వందలు. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, టైర్ల అరుగుదల, కిస్తీ పోను లోడుకు మూడు వేలు మిగులుతాయనుకుంటే అందులో ఐదో వంతు. బస్తా చిరిగిందనో తగ్గిందనో షార్టేజీ కోత పడిన రోజున ఆ మిగులు కూడా ఉండదు. ఈ ఆరు వందలను వెనక్కు రాబట్టుకోవడానికి ఓనరు చేసే మొదటి పని అధిక లోడు. మీది సిమెంటు కాబట్టి ఫ్యాక్టరీ కాటా దగ్గర అది అంత తేలిక కాదు గానీ, రిటర్నులో ఇసుకో కంకరో దొరికితే చెయ్యి ఆగదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఆ జరిమానా తప్పించుకోవడానికి రోడ్డు మీద ఇంకొకరికి మామూలు. ఫ్యాక్టరీ లోపల ఇచ్చిన డబ్బు బయట మరో డబ్బును పుట్టిస్తుంది.

అసోసియేషన్‌లో చేరితే టర్ను ప్రకారం లోడు వస్తుందని చాలామంది సలహా ఇస్తారు. బోర్డు మీద నంబర్లు రాసి వరుసగా పిలిచే చోట నిజంగానే గుమాస్తా ఆటలు సాగవు. కానీ అసోసియేషను తానే గేటుకు అడ్డంగా నిలబడి బయటి బండ్లను రానివ్వని చోట, లంచం రూపం మార్చుకుని సభ్యత్వం అవుతుంది. పంజాబులో 2017లో ప్రభుత్వం ట్రక్కు యూనియన్లను రద్దు చేయడానికి కారణం ఇటువంటి గుత్తాధిపత్యమే. మా వైపు 2024 నవంబరులో ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బూడిద రవాణా విషయమై తాడిపత్రి వాళ్ళకూ జమ్మలమడుగు వాళ్ళకూ వచ్చిన తగవులో లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బండి ఆగితే కిస్తీ ఆగదు గదా.

మీ స్థానంలో నేనైతే మూడు బండ్లనూ ఆ ఫ్యాక్టరీకి కట్టెయ్యను. ఒకదాన్ని మాత్రం అక్కడ పెట్టి, ఏమీ ఇవ్వకుండా ఎటువంటి లోడ్లు పడుతున్నాయో చూస్తాను. మిగిలిన రెండింటినీ గుంటూరు మిర్చి, మొక్కజొన్న, రైసు మిల్లుల లోడ్లకు తిప్పుతాను. మిల్లు యజమాని తన సరుకుకు తానే కిరాయి మాట్లాడుకుంటాడు కాబట్టి మధ్యలో చెయ్యి చాచే ఉద్యోగి ఉండడు. ఆయన బేరం గట్టిగా ఆడతాడు, అది వేరే బాధ.

నందిగామ_ఓనరు:

అందరికీ ధన్యవాదాలు. ఒక్క బండిని పెట్టి చూడడమన్నది మా నాన్నగారికీ నచ్చింది. గుమాస్తాకు ఇవ్వబోమని చెప్పకుండా, ఇస్తామనీ అనకుండా, కాంట్రాక్టరుతోనే నేరుగా మాట్లాడదామనుకుంటున్నాం. అయితే బిల్లు సంగతి మిగిలే ఉంది. అకౌంట్స్ ఆయనను చూసుకోకపోతే బిల్లు మూడు నెలలైనా కదలదని అంటున్నారు. దానికి ఏదైనా ఉపాయం ఉందా?

ఆడిటు_బల్ల సమాధానం:

లోడు ఎక్కించక ముందే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న వ్యాపారంగా నమోదు చేసుకుని, ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏమి రాసుకున్నా చిన్న సంస్థకు 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. పైగా గడువు దాటిన బకాయిని, చెల్లించే దాకా తన ఖర్చుగా చూపించుకునే వీలు కూడా కొనుగోలుదారుకు లేకుండా ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన వచ్చింది, కాబట్టి మార్చి దగ్గర పడేసరికి వాళ్ళ ఆడిటరే ఈ బిల్లుల గురించి అడుగుతాడు.

ఇక్కడ మీకు బాకీ పడేది ఫ్యాక్టరీ కాదు, మీ బండిని పెట్టుకున్న కాంట్రాక్టరు. ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఎవరిని చూసుకోవాలన్నది ఆయన తలనొప్పి. కాబట్టి ఆయనతో నోటిమాటగా కాకుండా కాగితం మీద ఒప్పందం రాయించుకోండి. కిరాయి ఎంత, కమీషను ఎంత, హాల్టింగ్ డబ్బు ఎన్ని గంటల తరువాత మొదలవుతుంది, షార్టేజీ కోత ఏ కాగితం ఆధారంగా వేస్తారు అన్నవి అందులో ఉండాలి. అన్‌లోడింగ్ దగ్గర సంతకం, ముద్ర పడిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీని డ్రైవరు అదే రోజు ఫోటో తీసి మీకు పంపాలి. బిల్లు తోసిపుచ్చడానికి ఎక్కువగా వాడే సాకు ఆ కాపీ అందలేదన్నదే.