వక్తృత్వ పోటీకి పిల్లల్ని తయారుచేయడం: బట్టీ మానిపించేదెలా?

తొమ్మిదో తరగతి టీచర్: మాది మండల కేంద్రంలో జిల్లా పరిషత్ హైస్కూలు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి వక్తృత్వ పోటీ పెడుతున్నాం. అంశం గిడుగు రామమూర్తి, ఒక్కొక్కరికి 3 నిమిషాలు. పిల్లలు వ్యాసం బట్టీపట్టి వస్తారు. ఒక్క మాట జారితే అక్కడే ఆగిపోతారు, లేదా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. తరగతిలో 40 మంది, పీరియడ్ 45 నిమిషాలు. ఎలా మొదలుపెట్టాలి?

పాత తెలుగు పండిట్: తప్పు జ్ఞాపకశక్తిది కాదమ్మా, మనం రాసిచ్చే వాక్యానిది. "భాషోద్యమ సారథిగా వెలుగొందిన ఆ మహనీయుడు..." అని నాలుగు వరసలు సాగే వాక్యం ఏ పిల్లవాడి నోటా సొంతంగా రాదు. వాడుక భాష కోసం పోరాడినాయన మీద గ్రాంథికం వల్లించడం మనకే చెల్లింది!

వ్యాసం రెండుసార్లు చదివించి పుస్తకం మూయించండి. పక్క పిల్లకు చెప్పమనండి. చెప్పిన మాటల్ని ఆ పక్క పిల్ల ఉన్నవున్నట్టు రాయాలి. ప్రసంగం ఆ కాగితం నుంచే తయారవ్వాలి. తర్వాత పావు ఠావు అట్టముక్క మీద ఐదారు గుర్తులు: "1863, పర్వతాలపేట", "పర్లాకిమిడి బడి", "సవరల భాష", "వాడుక భాషలో చదువు"... ఒక్కో గుర్తుకు రెండు మూడు మాటలు మించొద్దు. అంకెలు మాత్రం నోటితో పలికించి చూడండి. 1863 దగ్గర "వెయ్యీ ఎనిమిది వందల" అనాలా, "పద్దెనిమిది వందల" అనాలా అని తేల్చుకోలేక తడబడేవాళ్లే ఎక్కువ.

లెక్కల సార్: బట్టీని మరీ అంత తిట్టకండి సార్. బెదురుగా ఉండే పిల్లలకు మొదటి నాలుగు వాక్యాలు కంఠతా వచ్చి ఉంటే గొంతు కుదురుకుంటుంది.

పాత తెలుగు పండిట్: మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం, పద్యం ఉంటే పద్యం. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. మధ్యలోది వద్దు.

న్యాయనిర్ణేత: నిడివి చూసుకోండి. తెలుగులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి 80–90 మాటలు, అంటే 3 నిమిషాలకు సుమారు 250. చాలామంది 400 మాటలు రాసుకొచ్చి పరుగెత్తుతారు. "వేదికను అలంకరించిన" దగ్గర మొదలై అందరి పేర్లూ అయ్యేసరికి అర నిమిషం పోతుంది. సంబోధన ఒక్క వాక్యానికి కుదించండి. రెండున్నర నిమిషాలకు గంట కొట్టి, ఏ గుర్తు దగ్గరున్నా అక్కడి నుంచి నేరుగా చివరి వాక్యానికి దూకడం సాధన చేయించండి. గంట వినగానే బిక్కచచ్చిపోవడానికి కారణం ఆ దారి ముందే తెలియకపోవడం.

ఉచ్చారణలో ఒక్కొక్కరికి రెండు తప్పులే చెప్పండి. శ, ష, స, ణ, ళ, ఒత్తులు అన్నీ ఒకేసారి దిద్దితే పిల్ల నోరు మెదపదు.

మైకుసెట్టు: మైకు సంగతి ఎవరూ ఎత్తలేదేం? నోటికి నాలుగు వేళ్ల దూరం, గడ్డం ఎత్తులో, కాస్త పక్కకు వాల్చి పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి తగిలి "ధబ్" మంటుంది. పొడుగు పిల్లాడి తర్వాత పొట్టి పిల్ల వస్తే స్టాండు దించడానికి ఒకరిని పక్కనే ఉంచండి. లేకపోతే ఆ పిల్ల మునివేళ్ల మీద నిలబడే మాట్లాడుతుంది.

కుయ్యిమని కూత వస్తోందంటే స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి దూరుతోందన్నమాట. స్పీకర్లు మైకు కంటే ముందుండి జనం వైపు తిరగాలి. జాలీని గుప్పిట మూస్తే కూత ఇంకా పెరుగుతుంది. గ్రౌండులో ఎదురు గోడ నుంచి గొంతు ఆలస్యంగా తిరిగొస్తుంది, పిల్లలు దానికోసం ఆగుతారు. ముందు రోజే అక్కడ ఒకసారి మాట్లాడించండి. మైకు లేకుండానూ ఒకసారి, కరెంటును నమ్మలేం.

లెక్కల సార్: 40 మందిని ఒక్కొక్కరినే నిలబెడితే వారం పడుతుంది. ఐదుగురి చొప్పున ఎనిమిది గుంపులు చేసి చెట్ల కింద దూరదూరంగా నిలబెట్టండి. తలా ఒక నిమిషం, రెండు విడతలు. పది నిమిషాల మాట, మిగతాది దిద్దుబాటు.

ప్రార్థన సమయాన్నీ వాడుకోండి. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాసిన ప్రతిజ్ఞను రోజూ ఒకే రాగంలో లాగించేస్తాం. రోజుకొకరి చేత అర్థానికి తగ్గట్టు విరిచి చెప్పించండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి టీచర్: కృతజ్ఞతలండీ. రెండు సందేహాలు. మగపిల్లలు కొందరికి గొంతు మారుతోంది, మధ్యలో కీచుమంటుంది. ఇంకోటి, అట్టముక్క పట్టుకుంటే మార్కులు పోతాయా?

న్యాయనిర్ణేత: గొంతు ఎక్కువగా పగిలేది అరిచినప్పుడు. మైకుంది కదా, మామూలు స్థాయిలోనే మాట్లాడమనండి. కీచుమన్నా ఆగకుండా సాగిపోతే మార్కులు తగ్గించను. అట్టముక్క విషయం పోటీ నిబంధనల్లో ముందే రాయండి. తెల్లకాగితమైతే చేతి వణుకు చివరి వరసకూ కనిపిస్తుంది, గాలికి రెపరెపలాడుతుంది. అందుకే అట్ట. చూసి చదివితే మార్కులు తీస్తాను, తొంగి చూస్తే తీయను.