డోపింగ్ వార్తలతో తరగతిలో చర్చ: మీరెలా నడిపిస్తున్నారు?

తొమ్మిదో తరగతి టీచరు:
"క్రీడల్లో ఉత్ప్రేరకాలను అనుమతించాలా, వద్దా?" అని వాదనకు దింపితే పిల్లలు నీతివాక్యాలు వల్లించి కూర్చుంటున్నారు. చదివిన వార్తను నిలదీయడం వాళ్లకు నేర్పాలన్నది నా కోరిక. ఎవరైనా ప్రయత్నించారా?

చదువరి:
అంశం మార్చండి. "ఈ శీర్షిక న్యాయమైనదేనా?" అని అడగండి. నేను 2016 నాటి సంగతి తీసుకుంటాను. ఫ్యాన్సీ బేర్స్ అనే హ్యాకర్లు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నుంచి దొంగిలించిన పత్రాలను బయటపెట్టారు. వాటిలో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వివరాలున్నాయి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని సమస్య) మందు వాడుతున్నానని ఆమే చెప్పింది. దానికి చికిత్సపరమైన మినహాయింపు (జబ్బుకు నిషేధిత మందు వాడుకోవడానికి ఇచ్చే అనుమతి) ఉంది కాబట్టి నిబంధన తప్పలేదు. సగం తరగతికి ఆ మినహాయింపు వాక్యం తీసేసిన వార్త ఇస్తాను, మిగతా సగానికి పూర్తి వార్త. ఒక్క అబద్ధమూ రాయకుండా మనిషిని దోషిగా నిలబెట్టవచ్చని అప్పుడు తెలుస్తుంది.

పాత విలేఖరి:
బాగుందండీ, కానీ ఇదొక్కటే చెబితే "పాపం, మీడియా బలి చేసింది" అనే మరో మూఢనమ్మకం మొదలవుతుంది. పక్కన అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెట్టండి. అతని 1999 మూత్ర నమూనాల్లో ఈపీఓ (ఎర్ర రక్తకణాలను పెంచే నిషేధిత మందు) ఉందని ఫ్రెంచి పత్రిక లెకిప్ 2005లో రాసింది. అతను ఖండించాడు. మరో పత్రిక సండే టైమ్స్‌పై వేసిన పరువునష్టం దావాలో 2006లో రాజీ సొమ్ము కూడా రాబట్టాడు. 2012లో ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ పోయాయి, 2013 జనవరిలో టీవీలో ఒప్పుకున్నాడు. నేను 2006 దగ్గరే కథ ఆపేసి "ఇప్పుడు ఎవరిని నమ్ముతారు, ఏ ఆధారంతో?" అని అడుగుతాను. దావాలో రాజీ సొమ్ము వచ్చినంత మాత్రాన నిర్దోషి అయిపోడని అప్పుడు గట్టిగా వాదించినవాళ్లు తక్కువే.

వ్యాయామ ఉపాధ్యాయుడు:
ముందు 'ఎ' నమూనా, 'బి' నమూనా తేడా చెప్పండి: ఒకే నమూనాను రెండుగా పంచుతారు, మొదట 'ఎ' ను పరీక్షిస్తారు, 'బి' ఆ ఫలితాన్ని సరిచూసుకోవడానికి. 'ఎ' లో దొరికిన మరుక్షణమే "దొరికిపోయిన దొంగ" అని రాసేస్తారు. ఇక నా గొడవ వేరే. పిల్లల్లో ఎందరు ఒలింపిక్స్‌కు వెళ్తారు? ఫోనులో కండల పొడి ప్రకటనలు మాత్రం రోజూ చూస్తారు. చివరి అరగంట ఆ ప్రకటనలకే వదిలేయండి: ఎవరు డబ్బిచ్చారు, 'ముందు, తర్వాత' ఫొటోల్లో వెలుతురు ఎలా మారింది, డబ్బా మీద ఏం రాయలేదు. మా పిల్లలు బైల్స్ కన్నా దీని మీదే ఎక్కువ గొంతు చించుకున్నారు.

తొమ్మిదో తరగతి టీచరు:
2006 దగ్గర ఆపితే వెంటనే ఫోనులో వెతికేస్తారు కదా?

పాత విలేఖరి:
పేరు తీసేసి 'సైక్లిస్టు క' అనండి. అతని ఖండన ప్రకటన మాత్రం పూర్తిగా ఇవ్వండి, కుదించవద్దు. అది చాలా నమ్మదగ్గట్టుగా ఉంటుంది.