కొత్త రాక్ ఆల్బమ్‌ల విషయంలో ఏ విమర్శకుల మాట నమ్మవచ్చు?

నెలకు ఒక్క రికార్డు కొనగలిగే స్తోమత నాది. ఇండీ, ఆల్టర్నేటివ్ రాక్ అంటే ప్రాణం. కొనే ముందు సమీక్షలన్నీ చదువుతాను, చిక్కంతా అక్కడే వస్తోంది.

వీజర్ బృందం 1996లో తెచ్చిన ‘పింకర్టన్’ను ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో ఒకటిగా అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ పాఠకులు ఎంచారు. 2004లో అదే పత్రిక దానికి అయిదు నక్షత్రాలిచ్చింది! గాయని లిజ్ ఫెయిర్ 2003లో తన పేరుతోనే విడుదల చేసిన ఆల్బమ్‌కు, పదికి మార్కులిచ్చే సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ సున్నా వేసింది. 2021లో దాన్ని 6.0గా దిద్దుకుంది. ఇంటర్‌పోల్ బృందం తొలి ఆల్బమ్‌ను కూడా ఆ ఏడాదే 9.5 నుంచి 7.0కు దించింది. పాటల్లో ఒక్క స్వరమూ మారలేదు కదా. పొరపాటును ఒప్పుకోవడం నాకు గౌరవంగానే అనిపిస్తుంది. కానీ విడుదలైన రోజే పడే మార్కులను ఎంతవరకు నమ్మాలి?

పలు పత్రికల సమీక్షల మార్కులను కలిపి చూపే వెబ్‌సైట్ మెటాక్రిటిక్‌లో సగటు చూద్దామంటే, అది ఒక్కో పత్రికకు ఒక్కో ప్రాధాన్యం ఇచ్చి లెక్క కడుతుంది, ఆ ప్రాధాన్యాలేమిటో చెప్పదు. 100కు 80 వచ్చిందంటే అందరికీ ఒక మోస్తరుగా నచ్చిందో, కొందరిని ఉర్రూతలూగించి మరికొందరిని విసిగించిందో తెలియదు.

మీలో చాలాకాలంగా ఈ సంగీతం వింటున్నవారు దయచేసి చెప్పండి. మీరు ఎవరి సమీక్షలు చదువుతారు? గిటార్ ఎలా మోగింది, డ్రమ్స్ ఎలా పలికాయి, గొంతులో ఏముంది అని వివరంగా రాసేవారు కావాలి. ఏడాది తర్వాత అదే ఆల్బమ్‌ను మళ్లీ విని రాసే విమర్శకులు ఉంటే మరీ సంతోషం. ఐర్లండ్ రాక్ బృందం ఫొంటెయిన్స్ డీసీ 2024 ఆల్బమ్ ‘రొమాన్స్’ కొనాలా వద్దా అని ప్రస్తుతం తేల్చుకోలేకపోతున్నాను. విన్నవారు మీ అభిప్రాయం కూడా రాయండి.