మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సిపాయి వివరాలు: మెడల్ తప్ప ఏమీ లేదు, ఎలా వెతకాలి?

ట్రంకుపెట్టె:
మా తాతయ్యగారి పెదనాన్న మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. "బస్రా వైపు పోయాడట" (ఇప్పటి ఇరాక్‌లో ఉంది) అన్న ఒక్క మాటే ఇంట్లో మిగిలింది. ఫోటో లేదు, ఉత్తరం లేదు, ఒక మెడల్ మాత్రం ఉంది. యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా మార్చి కొట్టాను. దొరకలేదు. తాతయ్యకి ఎనభై దాటాయి, ఆయన ఉండగానే ఏదో ఒకటి తెలిస్తే బాగుండునని నా ఆరాటం.

పాతకాగితం:
మెడల్ ఉందంటే దారి ఉన్నట్టే. దయచేసి దాన్ని పాలిష్ చెయ్యకండి. బొమ్మ వైపు కాదు, అంచు చూడండి. చుట్టూతా నంబర్, హోదా, పేరు, దళం చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. గదిలో లైటు ఆర్పేసి ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. అరిగిన అక్షరాలు కూడా నీడపడి పైకి తేలతాయి. కొంచెం కొంచెం తిప్పుతూ ఫోటోలు తీసుకోండి.

గుర్రం మీద మనిషి బొమ్మ ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. వెండిదైతే సిపాయి అయి ఉండొచ్చు. కంచుదైతే లేబర్, పోర్టర్ దళాల్లో కూడా వెతకాలి, అక్కడ పనిచేసినవాళ్లకి కంచువి ఇచ్చారు. రెక్కలున్న దేవత ఉంటే విక్టరీ మెడల్, అది అందరికీ కంచుదే. ఈ రెంటినీ కలిపేసుకుని నేను ఒక ఏడాది తప్పుదారిలో తిరిగాను.

ట్రంకుపెట్టె:
రాత్రి మీరు చెప్పినట్టే చేశానండి. గుర్రం మీద మనిషే, వెండిదే. నంబర్, రెజిమెంట్ స్పష్టంగా కనిపించాయి. పేరులో మాత్రం ఇంటిపేరు లేదు, మధ్యలో ఒక అక్షరం మారింది, చివర సగం ఎగిరిపోయింది. ఇన్నాళ్లూ నేను వెతికింది అక్కడ లేని పేరు కోసమన్నమాట!

బర్మాఫ్రంట్:
ఇక పేరు వదిలేసి నంబర్‌తో వెతకండి. రాసుకున్న గుమాస్తా మన పేర్లని తన చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. నంబర్‌కి ఆ బాధ తక్కువ. అయితే అప్పట్లో నంబర్లు ఏ రెజిమెంట్‌వి ఆ రెజిమెంట్‌వే. అదే నంబర్ వేరే దళంలో ఇంకొకరికి ఉంటుంది కాబట్టి రెండూ కలిశాకే నమ్మండి.

మా ముత్తాత రెండో యుద్ధంలో బర్మాలో పోయారు. తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27,000 పేర్లున్నాయి, ఆయనది వాటిలో ఒకటి. రికార్డులో "ఫలానా ఆమె భర్త" అని ఒక లైను ఉంది. మా ఇంట్లో ఆవిడని అందరూ "పెద్దమ్మమ్మ" అనేవాళ్లు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ పేరు నాకు ఆ రికార్డులోనే దొరికింది. మా అమ్మకి ఫోన్ చేసి చదువుతుంటే నా గొంతు పెగల్లేదు.

రాతిమీదపేరు:
బస్రా మెమోరియల్ గురించి ఒక మాట, ముందే తెలిసి ఉండటం మంచిది. సమాధి తెలియని 40,000 మందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. ఆఫీసర్ల పేర్లు రాతి మీద చెక్కారు. భారతీయ సిపాయిలకి మాత్రం రెజిమెంట్ పేరు కింద ఎంతమందో అంకె వేసి సరిపెట్టారు. 2021లో కమిషన్ వేయించిన విచారణలోనే ఈ వివక్ష ఒప్పుకున్నారు: కనీసం 1,16,000 మందిని, ఎక్కువగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్లని, పేరుతో అసలు స్మరించనే లేదు. క్షమాపణ కూడా చెప్పారు. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పేర్లు రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రాయి మీద కనపడలేదని ఆగిపోకండి.

పాతకాగితం:
చనిపోయిన తేదీ కూడా కొంచెం జాగ్రత్తగా తీసుకోండి. కనపడకుండా పోయినవాళ్ల విషయంలో అది అంచనా వేసి రాసిన తేదీ కావచ్చు. 1916 ఏప్రిల్ 29న ఇరాక్‌లోని కూట్‌లో బ్రిటిష్, భారతీయ సేన సుమారు 13,000 మంది టర్కీ సేనకి లొంగిపోయారు, వాళ్లలో చాలామంది బందీలుగానే పోయారు.

తేదీ దొరికాక ఆ దళం వార్ డైరీ, అంటే ఏ రోజుకారోజు రాసుకున్న దినచర్య, చూడండి. లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 (WO 95) అనే ఫైళ్ల వరుసలో ఉంటాయి. మామూలుగా ఆఫీసర్ల పేర్లు రాసి, సిపాయిలని అంకెల్లో చెప్తారు. అయినా ఆ రోజు ఎండా వానా, ఎంత దూరం నడిచారు, నీళ్లు అందాయా లేదా, ఇవన్నీ తెలుస్తాయి. నాకైతే మెడల్ కంటే ఆ పేజీలే ఆయన్ని దగ్గర చేశాయి.

ట్రంకుపెట్టె:
దొరికారు! నంబర్ కలిసింది, రెజిమెంట్ కలిసింది, బస్రా మెమోరియల్. తండ్రి పేరు దగ్గర ఖాళీ. అంచు ఫోటోలు జతచేసి స్పెల్లింగ్ సరిచెయ్యమని కమిషన్‌కి రాశాను. తాతయ్యకి చదివి వినిపిస్తే నంబర్ రెండుసార్లు చదివించుకుని కాగితం మీద రాయించుకున్నారు. "పెదనాన్న" అని ఆయన నోట మొదటిసారి విన్నాను. ఆ నెల వార్ డైరీ పేజీలు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే చెప్పండి, రెజిమెంట్ పేరు మెసేజ్ చేస్తాను.