నాన్న కోసం ఒక సెమిస్టరు ఆపితే ఎఫ్-1 (అమెరికా విద్యార్థి వీసా) ఏమవుతుంది?

నరసాపురం_విద్యార్థి

అందరికీ నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లె. నిరుడు ఆగస్టులో టెక్సస్‌లో ఎంఎస్‌లో చేరాను, ఇప్పుడు మూడో సెమిస్టరు. పోయిన వారం నాన్న రొయ్యల చెరువు గట్టు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. భీమవరంలో ఆపరేషన్ అయింది, రెండు మూడు నెలలు ఆ కాలి మీద బరువు పెట్టకూడదన్నారు.

చెరువులో రొయ్య పిల్ల వేసి నెల దాటింది. రాత్రి కరెంటు పోతే వెంటనే జనరేటరు వేసి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య మొత్తం పైకి తేలిపోతుంది, పంట పోయినట్టే. మంచం దగ్గర నాన్నను, చెరువు దగ్గర కాపలాను అమ్మ ఒక్కతే ఎలా చూసుకుంటుంది? నాకు అన్నదమ్ములు లేరు. నా చదువు అప్పుకు హామీగా పెట్టింది కూడా ఆ భూమినే.

ఇప్పుడు అక్టోబరు రెండో వారం. సెమిస్టరు వదిలేసి ఇంటికి వెళ్ళి, డిసెంబరు చివర రొయ్యల పట్టుబడి కాగానే జనవరిలో తిరిగి రావాలని ఉంది. పాస్‌పోర్టులో వీసాకు ఇంకా మూడేళ్ళకు పైగా గడువుంది. అది చాలుతుందా? ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో తరగతులు వినవచ్చా? నాన్నగారి డాక్టరు ఉత్తరం ఇస్తే వైద్య సెలవు వస్తుందని ఒక స్నేహితుడు అన్నాడు, నిజమేనా?

గోదావరి_గాలి

మూడేళ్ళ గడువుంటే భయమెందుకు తమ్ముడూ? టికెట్టు కొని వెళ్ళిపో. జనవరిలో వచ్చి మళ్ళీ పేరు నమోదు చేసుకో. ఆఫీసులో చెబితే లేనిపోని కాగితాలు అడుగుతారు.

కాకినాడ_అక్క

తమ్ముడూ, ఆ మాట విని టికెట్టు కొనవద్దు. నేను ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయంలో పనిచేస్తున్నాను. చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లలు తిరిగి రాలేక చేసే ఫోన్లు ఎత్తేది నేనే. ఒక్క సంతకంతో పోయేదానికి ఏడాది పోగొట్టుకున్నవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పాస్‌పోర్టులో వీసా ఎంతకాలం ఉన్నా, నిన్ను విద్యార్థిగా నిలిపేది సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థలో, ఉన్న నీ రికార్డు. అనుమతి లేకుండా తరగతులు మానేస్తే నియమం తప్పావని ఆ రికార్డును రద్దు చేస్తారు, ఆ తర్వాత ఇక్కడ ఒక్క రోజు కూడా గడువు ఉండదు. అదే ముందుగా డీఎస్‌ఓను (మీ విశ్వవిద్యాలయంలో సెవిస్ రికార్డులు చూసే అధికారిని) కలిసి అడిగితే, అనుమతితో చదువు ఆపినట్టు, అంటే ఉపసంహరణ, నమోదు చేస్తారు. అప్పుడు దేశం విడిచి వెళ్ళడానికి 15 రోజులు ఇస్తారు. చాలామంది దీన్ని 60 రోజులనుకుంటారు, అది చదువు పూర్తిచేసినవాళ్ళకు. క్యాంపస్‌లో ఉద్యోగం ఉంటే ఆ నమోదు జరిగిన రోజు నుంచే మానేయాలి.

వైద్య సెలవు సంగతి: అది విద్యార్థికే జబ్బు చేసినప్పుడు ఇచ్చేది. నాన్నగారి కాగితాలతో అది రాదు. అయినా ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళు, ఎందుకు వెళ్తున్నావో డీఎస్‌ఓకు తెలియాలి. ఆన్‌లైన్ కూడా కుదరదు. పూర్తికాలపు లెక్కలోకి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సునే, అంటే మూడు క్రెడిట్ల వరకే తీసుకుంటారు.

ఇక నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఐదు నెలల గీత: ఆ లోపు తిరిగి వస్తే పాత రికార్డే పనికొస్తుంది, దాటితే మళ్ళీ మొదటి నుంచి. ఈ నెల 20న నీ ఉపసంహరణ నమోదైందనుకో, మార్చి 20కి ఐదు నెలలు. నీ తరగతులు జనవరి మధ్యలో మొదలవుతాయి కాబట్టి గీతకు ఇవతలే ఉంటావు. అప్పుడు డీఎస్‌ఓ పాత సెవిస్ నంబరునే మళ్ళీ తెరవమని కోరవచ్చు, ఉన్న వీసాతోనే రావచ్చు. కానీ ఆ రికార్డు దానంతటది తెరుచుకోదు. నవంబరులోనే డీఎస్‌ఓకు రాయి. రికార్డు క్రియాశీలమైందని వాళ్ళు చెప్పి, కొత్త ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి పత్రం) పంపాకే విమానం ఎక్కు. తరగతులు మొదలయ్యే తేదీకి 30 రోజులకన్నా ముందు రానివ్వరు, అది మాత్రం నీకు అడ్డు కాదు.

నరసాపురం_విద్యార్థి

అక్కా, చాలా ధన్యవాదాలు. ఇంకొక్క మాట. మా మేనమామ పాలకొల్లు నుంచి వచ్చి ఈ పంట వరకు చూస్తానంటున్నారు. ఆయన మాట నమ్మి ఈ సెమిస్టరు పూర్తిచేసి, జనవరిలో మొదలయ్యే వసంతం సెమిస్టరు వదిలేసి ఆగస్టులో వస్తే? కట్టిన ఫీజైనా దక్కుతుంది కదా.

కాకినాడ_అక్క

ఫీజు దక్కుతుంది, మిగతావన్నీ ఖరీదవుతాయి. డిసెంబరు నుంచి ఆగస్టు అంటే ఎనిమిది నెలలు. కొత్త ఐ-20, కొత్త సెవిస్ నంబరు, 350 డాలర్ల సెవిస్ రుసుము మళ్ళీ కట్టడం, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో మళ్ళీ ఇంటర్వ్యూ. దానికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. ఓపీటీకి (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, ఎక్కువమంది డిగ్రీ అయ్యాక వాడతారు), సీపీటీకి (చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ) ఏడాది పూర్తికాల చదువు ఉండాలి, ఐదు నెలలు దాటి వచ్చినవాళ్ళకు సాధారణంగా ఆ ఏడాదిని మొదటి నుంచి లెక్కిస్తారు. నీకు మిగిలేది ఒక్క సెమిస్టరు. లెక్క అందకముందే డిగ్రీ అయిపోతే ఓపీటీ ఏమవుతుందో ఆలోచించు.

మామయ్య వస్తానన్నారు కాబట్టి నా మనసులో మాట చెబుతాను. ప్రొఫెసర్లను అడిగి ఇప్పుడు పది రోజులు వెళ్ళిరా, నాన్నగారిని చూడు, జనరేటరు దగ్గర రాత్రి మనిషిని కుదుర్చు. పరీక్షలు అయ్యాక శీతకాలపు సెలవుల్లో మళ్ళీ వెళ్ళు, పట్టుబడికి అక్కడ ఉంటావు. చదువు ఆపాల్సిన పనే ఉండదు. ఐ-20 రెండో పేజీలో ప్రయాణానికి డీఎస్‌ఓ చేసిన సంతకానికి ఏడాది దాటలేదు కదా, అది మాత్రం చూసుకో. మామయ్య వల్ల కాదంటే అప్పుడు మొదటి దారి.

తణుకు_విశ్రాంత_బ్యాంకు

బాబూ, చదువు ఆపే పక్షమైతే మీ నాన్నగారి బ్యాంకు శాఖకు కూడా రాయించు. మంజూరు పత్రంలో ఉన్న కోర్సు కాలాన్ని బట్టే వాయిదాలు మొదలవుతాయి. మామూలు పథకాల్లో కోర్సు అయ్యాక ఏడాది వరకు విరామం ఇస్తారు. నీ డిగ్రీ వెనక్కి జరిగిన సంగతి శాఖకు తెలియకపోతే, నువ్వు చదువుతుండగానే వాయిదా కట్టమని మీ నాన్నగారికి నోటీసు వస్తుంది. విశ్వవిద్యాలయం నుంచి చదువు ఆపిన తేదీ, తిరిగి చేరే తేదీ ఉన్న ఉత్తరం తీసుకుని, గడువు పెంచమని దరఖాస్తు ఇప్పించు. అందినట్టు ముద్ర వేయించుకోమని అమ్మగారికి చెప్పు. విరామంలోనూ వడ్డీ పడుతూనే ఉంటుంది, వీలైతే అది కట్టేస్తూ ఉండండి.

నరసాపురం_విద్యార్థి

రేపు పొద్దున డీఎస్‌ఓతో సమయం దొరికింది. ఆపరేషన్ కాగితాలు, ఐ-20 రెండూ పట్టుకెళ్తున్నాను. మామయ్య ఈ రాత్రి బస్సుకు ఊరికి వస్తున్నారు. ముందు పది రోజుల ప్రయాణానికి అనుమతి అడుగుతాను, కుదరకపోతే ఉపసంహరణ గురించి మాట్లాడతాను.