స్ట్రాపీలో లోకల్ కంటెంట్‌ని సర్వర్‌కి పంపేదెలా?

నోడ్ సర్వర్ మీద స్ట్రాపీ (వెబ్‌సైట్ కంటెంట్‌ని నిర్వహించే సాఫ్ట్‌వేర్) పెట్టాను. డేటాబేస్‌గా లోకల్‌లో (నా కంప్యూటర్‌లో) ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్. 1337 పోర్టులో అడ్మిన్ ప్యానెల్ బాగానే వస్తోంది. కంటెంట్ టైపులు (ఏ రకం కంటెంట్‌లో ఏ ఫీల్డులుండాలో చెప్పేవి) ఫైళ్లలోనే ఉంటాయి కాబట్టి కోడ్‌తో పాటు గిట్‌తో వెళ్లిపోయాయి, వాటితో టెన్షన్ లేదు. చిక్కంతా ఎంట్రీలతోనే. లోకల్‌లో రాసిన వ్యాసాలు, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని బొమ్మలు సర్వర్‌కి చేరాలి. ఎక్స్‌పోర్ట్ చేసి అక్కడ ఇంపోర్ట్ చేద్దామంటే, అది ముందు ఉన్న డేటా మొత్తాన్నీ తుడిచేస్తుంది. సర్వర్‌లో ఇప్పటికే వేరేవాళ్లు రాస్తున్నారు, వాళ్ల కష్టం పోకూడదు.

సర్వర్‌లోని స్ట్రాపీ ఏపీఐకి (ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) పోస్ట్ రిక్వెస్టులు, అంటే కొత్త డేటా చేర్చే అభ్యర్థనలు, పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకోవడమే మేలనిపిస్తోంది. కానీ బొమ్మలకి అక్కడ కొత్త ఐడీలు వస్తాయి కదా, వ్యాసాలతో వాటి లింకులు తెగకుండా ఎలా చూసుకోవాలి? ఇలా చేసినవాళ్లుంటే ఏది ముందు పంపారో, పాత ఐడీలని కొత్తవాటితో ఎలా జత చేశారో కాస్త వివరంగా చెప్పండి.