‘గావుమంచు వా / చఱచినవాని’: ఆ ‘చ’ సంగతేమిటి?

పలకాబలపం
పోతన భాగవతం, ప్రథమస్కంధం. ద్రౌపది పిల్లల్ని నిద్రలో చంపిన అశ్వత్థామను కట్టిపడేశాక కృష్ణుడు అర్జునుడితో యుద్ధంలో ఎవరెవరిని చంపకూడదో చెప్పే చంపకమాల. ‘వెఱచినవాని’ అని మొదలు, ‘ధర్మము గాదు ఫల్గునా’ అని ముగింపు. మూడో పాదం చివర తట్టుకుంటున్నాను. నాలుగోది ‘చఱచినవాని’ అని ఎత్తుకుంటుందా, ‘అఱచినవాని’ అనా? రెండూ చెవినపడ్డట్టే ఉన్నాయి. కావుమని అరిచేవాడు దేన్ని చరుస్తాడు?

అరసున్న
పద్యం మొత్తం ఇక్కడ ఉంటే మంచిది. ‘ఱ’లు ‘ర’లు చేయకండి, ప్రాస పోతుంది.

వెఱచినవాని, దైన్యమున వేఁదుఱు నొందినవాని, నిద్ర మై
మఱచినవాని, సౌఖ్యముగ మద్యము ద్రావినవాని, భగ్నుఁడై
పఱచినవాని, సాధు జడభావమువానినిఁ, గావు మంచు వా
చఱచినవానిఁ, గామినులఁ జంపుట ధర్మము గాదు ఫల్గునా!

గణవిభజన
‘అఱచిన’ కుదరదండీ. నాలుగో పాదంలో పదకొండో అక్షరం ‘జంపుట’లోని ‘జం’. మొదట ‘చ’ ఉంటే యతి (పాదం మొదటి అక్షరానికి ఇక్కడి అక్షరం జత కలవడం). ‘అ’ పెడితే యతిభంగం. ‘వాయఱచిన’ అని సంధి చేసి ‘య’ తెచ్చినా అంతే, య-జలకు మైత్రి లేదు. పోతన ఆ ‘చ’కు తాళం వేసి తాళంచెవి ‘జం’ దగ్గర పెట్టాడు.

తాళపత్రం
యతి ‘చ’ను కాపాడుతుంది, ‘వా’ను కాదు. ‘గావుమంచుఁ జే / చఱచినవాని’ అన్నా గణాలు చెక్కుచెదరవు. చేతులు చరిచి శరణు వేడాడన్నమాట. పాదాంతంలో ఒంటి అక్షరం వేలాడుతున్నప్పుడు వల్లెవేసేవారి నోట అది మారిపోవడం వింతా?

అరసున్న
‘చే చఱచు’ శరణాగతికి ఎక్కడుంది తాళపత్రం గారూ? ‘వాచఱచు’ మాత్రం నికార్సయిన మాట, మొరపెట్టుకోవడం. ‘వా’ అంటే నోరు. వాతెఱ, వాపోవు, వాకొను, వాకట్టు అన్నీ ఆ ఇంటివే. తమిళంలో వాయ్, కన్నడంలో బాయి.

పలకాబలపం
అయితే ‘చఱచు’ ఏం చేస్తోంది అక్కడ? వాపోయేవాడికి చేతితో పని లేదు కదా.

గోదారిగట్టు
ఉంది. నోటి మీద అరచేత్తో కొట్టుకుంటూ లబలబలాడటం ఇప్పటికీ పల్లెల్లో ఉన్నదే. రణరంగంలో దానికి ఇంకో ఉపయోగం. భేరీలు, శంఖాలు, ఏనుగుల ఘీంకారాల మధ్య ‘కావుము’ అన్న మాట పది బారల అవతలికి వినపడదు. అరచెయ్యి నోటికి కొట్టుకోవాలంటే ఆ చేతిలో కత్తి ఉండకూడదు. మాట వినపడకపోయినా ఖాళీ చెయ్యి కనపడుతుంది. చఱచు అనే క్రియ ఒక్కటే, అవయవాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది: తొడ చరిచినా భుజం చరిచినా ‘రా’ అని, నోరు చరిస్తే ‘వద్దు బాబో’ అని. అందుకే ‘చే’ అన్న పాఠాంతరం నాకు నచ్చదు. చేతులు చరిస్తే సవాలో శరణో ఎదుటివాడికి ఎలా తెలియాలి?

తాళపత్రం
ముచ్చటగానే ఉంది, ఆధారమే లేదు. మనువు ఏడో అధ్యాయంలో లొంగుబాటు గుర్తులన్నీ వరసగా చెప్పాడు: ‘న చ హన్యాత్ స్థలారూఢం న క్లీబం న కృతాంజలిమ్, న ముక్తకేశం నాసీనం న తవాస్మీతి వాదినమ్’. చేతులు జోడించడం, జుట్టు విరబోసుకోవడం, కూలబడటం, ‘నీవాడను’ అనడం. నోరు కొట్టుకోవడం లేదే?

గోదారిగట్టు
మనువు శ్లోకానికి పోతన పూచీ ఏమిటండీ! ‘తవాస్మి’ అన్నదానికి తెలుగు గుండె నుంచి వచ్చిన మాట ‘కావుము’, తెలుగు చేతి నుంచి వచ్చిన పని వాచఱపు.

గణవిభజన
సంస్కృత భాగవత మూలం చూస్తే పేచీ వేరేచోట ఉంది. ‘మత్తం ప్రమత్తమున్మత్తం సుప్తం బాలం స్త్రియం జడమ్, ప్రపన్నం విరథం భీతం న రిపుం హంతి ధర్మవిత్’. పదిమంది. పోతనకు ఎనిమిదిమందే తేలుతున్నారు, అదీ ‘సాధు జడభావము’ను ఒకటిగా లెక్కిస్తే. ప్రమత్తుడు (ఏమరి ఉన్నవాడు) లేడు, బాలుడు లేడు, విరథుడు (రథం లేనివాడు) లేడు. అశ్వత్థామ చేసిన నేరమే పిల్లల్ని చంపడం, ఆ పట్టికలో బాలుణ్ణి వదలడమేమిటి?

అరసున్న
వదల్లేదు, పై పద్యంలోనే వాడేశాడు: ‘అస్త్రవిద్యలం దేఱని పిన్నపాపల’. అనుమానం విరథుడి గురించే. ‘భగ్నుఁడై’ అంటే రథం విరిగినవాడని చెప్పేవారున్నారు. ఒప్పుకోను. సేన భగ్నమైందంటే చెదిరిందని. ‘పఱచు’ ఇక్కడ పాఱుకు చుట్టం, పరుగెత్తడం. ‘ర’తో అచ్చువేస్తే పాపం ఆ సైనికుడు పక్క పరుచుకుంటున్నట్టు ఉంటుంది.

తాళపత్రం
పదిహేనో శతాబ్దపు సైన్యాల్లో గుర్రాలూ ఏనుగులే. రథం పోయినవాడెవడో పోతన కాలపు శ్రోతకు తెలియదు, అందుకే పారిపోయేవాణ్ణి పెట్టాడు.

గణవిభజన
పోతన రథాలు ఎన్ని తోలాడో లెక్కపెట్టి మాట్లాడండి మాస్టారూ. ఆ వాదం నిలవదు. పైగా విరథుడి నియమం జాలికి సంబంధించింది కాదు, సరిజోడీకి సంబంధించింది. మీరు చెప్పిన ‘స్థలారూఢం’ కూడా అదే, మనుస్మృతికి కుల్లూకుడి వ్యాఖ్య చూడండి: తాను రథం మీద ఉండి నేల మీదున్నవాణ్ణి కొట్టకూడదు. భీష్మపర్వం మొదట్లో ఇరుపక్షాలూ చేసుకున్న ఒప్పందంలోనూ రథికుడికి రథికుడు, ఏనుగుకు ఏనుగు. సారథుల్ని, ఆయుధాలు అందించేవాళ్లని, భేరీశంఖాలు మోగించేవాళ్లని కొట్టకూడదనీ అక్కడే ఉంది. రథం లేనివాడికి కత్తి ఉండొచ్చు. మీరు రథం దిగండి, అప్పుడు కొట్టుకోండి. పారిపోయేవాడి లెక్క వేరు.

పలకాబలపం
భారతం సౌప్తికపర్వంలో, నిద్రపోయేవాళ్లను చంపబోతున్న అశ్వత్థామకు మేనమామ కృపుడు అడ్డుపడినప్పుడు చెప్పింది కూడా ఈ జాబితాయే కదా? నిద్రపోయేవాళ్లు, ఆయుధం దించినవాళ్లు, గుర్రాల్ని విప్పేసినవాళ్లు, తవాస్మి అన్నవాళ్లు...

అరసున్న
అదే. దానికి అశ్వత్థామ జవాబు మరిచిపోకండి. అస్త్రం దించిన ద్రోణుణ్ణి చంపారు, చక్రం కుంగిన కర్ణుణ్ణి చంపారు, ధర్మసేతువును ముందు తెగ్గొట్టింది పాండవులేనంటాడు. ఈ నియమాల చిక్కే అది. ఒకడు తప్పితే రెండోవాడికి సాకు దొరుకుతుంది.

గోదారిగట్టు
జాబితాల మాటొస్తే భీష్ముడిదే అందం. తాను ఎవరితో యుద్ధం చేయడో ధర్మరాజుకు చెబుతూ, అస్త్రం విడిచినవాడు, కిందపడినవాడు, జెండా పోయినవాడు అంటూ మధ్యలో ‘ఏకపుత్రకే’ అంటాడు. ఒక్కడే కొడుకున్నవాణ్ణి కొట్టడట! శత్రువు ఇంటి సంగతి తెలిస్తే తప్ప పాటించలేని నియమం. దాయాదుల యుద్ధం కాబట్టి చెల్లింది.

తాళపత్రం
జాబితాలు పక్కన పెట్టండి. పోతన అసలు పట్టు ద్రౌపది నోట ఉంది. ‘ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు, కించిద్ద్రోహంబును నీకుఁ జేయరు’. మూడు ‘లేదు’లతో యోధుడంటే ఎవరో తేల్చేసింది: మీదికొచ్చేవాడు, చేత ఆయుధమున్నవాడు, యుద్ధభూమిలో నిలబడ్డవాడు. ఎనిమిదిమందిని ఏకరువు పెట్టినా కృష్ణుడికి ఆ బిగువు రాలేదు. చివర్లో ‘నీచేతు లెట్లాడెనో’. తిట్టు లేదు, శాపం లేదు.

అరసున్న
భారతంలో అశ్వత్థామ శిరోమణి తెస్తే తప్ప లేవనని ప్రాయోపవేశానికి కూర్చున్న ద్రౌపది, భాగవతంలో కట్లు విప్పమంటుంది. అతని తల్లి కృపి కూడా నాలాగే ఏడవకూడదంటుంది. శత్రువు తల్లి దాకా వెళ్లిన మనసు.

గణవిభజన
అంతా బాగుంది కానీ ‘సౌఖ్యముగ మద్యము ద్రావినవాని’లో ‘సౌఖ్యముగ’ ఎందుకు? యతి ‘మ’కు ‘మ’ సరిపోయింది. మధ్యలో నాలుగక్షరాలు నింపడానికి తప్ప దానికి పని కనపడదు.

గోదారిగట్టు
పోతనకు పూరణా! ఆదమరిచి, యుద్ధం సంగతే మరిచి తాగినవాడని. మీరు పోయిందన్న ప్రమత్తుడు అక్కడే ఉన్నాడు.

గణవిభజన
ప్రమత్తుణ్ణి ‘సౌఖ్యముగ’లో ఇరికిస్తే విరథుణ్ణి ‘మై మఱచిన’లో ఇరికించొచ్చు. నిఘంటువు ప్రయోగం ఒక్కటి చూపండి.

తాళపత్రం
‘చే’ పాఠానికి నన్ను ఆధారం అడిగారు, ఇప్పుడు గోదారిగట్టు గారినీ అడగండి అరసున్న గారూ.